కంటిలో పాప, క్లాసులో ప్యూపిల్

"ఇంట్ల తెలుగే మాట్లాడుతం కదా మేడం, పిల్లకు ఇంగ్లీష్ ఎట్ల వస్తది?" పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ వినిపించే మాట ఇది. ఇంటి భాష ఇంగ్లీషుకు అడ్డం కాదని చెప్పడానికి నాకు 'ప్యూపిల్' అనే ఒక్క మాట చాలు.

ఈ మాటకు రెండు అర్థాలు. ఒకటి విద్యార్థి, రెండోది కంటి మధ్యలో ఉండే నల్లని గుండ్రం. బడి పిల్లకూ కంటి నలుపుకూ సంబంధం ఏమిటి? బట్టీ పట్టే పిల్లలు రెండింటినీ వేర్వేరుగా గుర్తుపెట్టుకుని, పరీక్ష కాగానే మర్చిపోతారు.

ఆ నలుపును మనం ఏమంటాం? కంటిపాప. లాటిన్‌లోనూ అంతే. 'పూపా' అంటే చిన్నపిల్ల, బొమ్మ కూడా. దాని నుంచి వచ్చిన 'పూపిల్లా' కంటిపాపకు పేరైంది. ఎందుకంటారా? ఎదుటివారి కంట్లోకి దగ్గరగా చూడండి, మీ రూపమే బొమ్మంత చిన్నగా కనిపిస్తుంది. కంటి పైపొర ఉబ్బెత్తు అద్దంలా పనిచేస్తుంది. వెనుక నల్లగా ఉండటంతో ఆ బొమ్మ స్పష్టంగా తెలుస్తుంది. నిజానికి ఆ నలుపు ఒక రంధ్రం, వెలుగు లోపలికి వెళ్లే దారి.

మన ఆదిలాబాద్‌లో మరాఠీ మాట్లాడే ఇళ్లు చాలానే ఉన్నాయి. వాళ్లకు అది 'బాహులీ', అంటే బొమ్మ. హిందీలో 'పుత్లీ', అదీ బొమ్మే. గ్రీకులో 'కోరె', అంటే అమ్మాయి. వీళ్లంతా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారని అనుకోనక్కర్లేదు. ఎవరి కంట్లోకి చూసినా కనిపించేది అదే కదా!

మరి విద్యార్థి సంగతి? రోమన్ చట్టంలో తండ్రి లేక సంరక్షకుడి కింద పెరిగే పిల్లవాడు 'పూపిల్లుస్'. ఇంగ్లీషులోనూ మొదట ఇదే అర్థం. గురువు దగ్గర చదివే పిల్ల అనే అర్థం తర్వాత వచ్చింది. సైన్స్ పుస్తకంలో సీతాకోకచిలుక 'ప్యూపా' కూడా ఈ కుటుంబమే.

ఈ ఆదివారం పిల్లలను కిటికీ దగ్గర నిలబెట్టి వాళ్ల కంటిపాపలో మిమ్మల్ని మీరు చూసుకోండి. కర్టెన్ వేస్తే పాప పెద్దదవుతుంది, తీస్తే చిన్నదవుతుంది. మొబైల్ టార్చ్ మాత్రం కళ్లలోకి వేయకండి. మీ ఇంటి భాషలో దాన్ని ఏమంటారో నోట్‌బుక్‌లో రాయించి పంపండి. మా క్లాస్ చార్టులో గోండీ, లంబాడీ గడులు ఇంకా ఖాళీగా ఉన్నాయి.