చక్రాల మీది కాపురానికి ఎన్ని అడుగులు?

అమెరికాలో ఉన్న ఇల్లు అమ్మేసో, అద్దె ఇల్లు ఖాళీ చేసో మోటార్‌హోమ్‌లోకి మారిపోయి, ఏడాది పొడవునా అందులోనే ఉంటూ ఊళ్లు తిరిగేవాళ్లను ఫుల్‌టైమర్లు అంటారు. ఒకప్పుడు వీళ్లలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసిన దంపతులు. ఇప్పుడు ల్యాప్‌టాప్ ఉంటే ఎక్కడి నుంచైనా పని చేసుకోగల చిన్న వయసువాళ్లూ కలిశారు. అక్కడున్న మనవాళ్లలో చాలామందికి ఈ బండ్లతో తొలి పరిచయం, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ క్యానియన్‌కో అద్దెకు తీసుకుని వెళ్లడంతో అవుతుంది. ఆ వారం రోజుల సంబరాన్ని మనసులో పెట్టుకునే, రేపు కొనాల్సి వచ్చినప్పుడు ఎంత పొడవుది కావాలో తేల్చేస్తారు. చిక్కంతా అక్కడే వస్తుంది. సెలవులకు సరిపోయిన కొలత కాపురానికి సరిపోదు. కొనబోయేవాళ్లు ముందుగా ఊహించుకోవాల్సింది ఒక మామూలు మంగళవారాన్ని: బయట జోరున వాన, ఇద్దరికీ ఆఫీసు పని, సింకులో నిన్నటి గిన్నెలు, ఎక్కడికీ కదలడానికి లేని రోజు. ఆ రోజు సాఫీగా గడిచే బండి ఏదో తెలిస్తే సగం పని అయినట్టే. ఆ బండి మీరు వెళ్లాలనుకుంటున్న చోటికి వెళ్లగలదా అన్నది మిగతా సగం.

మోటార్‌హోమ్‌లు మూడు తరగతులు. ముందు భాగం బస్సులా నిటారుగా ఉండేది క్లాస్ ఎ. ఇది సుమారు 26 అడుగుల నుంచి 45 అడుగుల దాకా ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకునే గరిష్ఠ పొడవు ఆ 45 అడుగులే. వ్యాన్ లోపలే ఇల్లంతా అమర్చింది క్లాస్ బి, 18 నుంచి 24 అడుగులు. ట్రక్కు క్యాబిన్ వెనక పెట్టెలాంటి ఇల్లు కట్టి, డ్రైవర్ నెత్తి మీద కూడా ఒక పడక ఇరికించింది క్లాస్ సి, 22 నుంచి 33 అడుగుల దాకా. అంటే అక్షరాల వరసకూ సైజుల వరసకూ పొంతన లేదు, అన్నిటికన్నా చిన్నది బి. 25 అడుగుల క్లాస్ సిలో డ్రైవర్ క్యాబిన్ తీసేస్తే మిగిలేది దాదాపు 140 చదరపు అడుగులు. మన ఇళ్లలో ఒక మోస్తరు పడకగది అంత. అందులోనే వంటిల్లు, స్నానాల గది, బీరువా, ఆఫీసు, పడక అన్నీ సర్దుకోవాలి.

ఇప్పుడు ఆ మంగళవారంలోకి వెళదాం. చిన్న బండ్లలో చాలావాటిలో భోజనాల బల్లే రాత్రికి మంచం అవుతుంది. సెలవుల్లో అదొక ముచ్చట. ఏడాదిలో ప్రతి రాత్రీ బల్ల దించి, పరుపు ముక్కలు పేర్చి, దుప్పటి పరిచి, పొద్దున్నే అంతా తిరిగి ఎత్తాలంటే అదే పెద్ద చాకిరీ. పైగా ఒకరికి నిద్ర వస్తే రెండోవాళ్లూ పని కట్టేయాల్సిందే. రాత్రి తొమ్మిదింటికి హైదరాబాద్‌లోని టీమ్‌తో కాల్ ఉన్నవాళ్ల మాట ఆలోచించండి. పక్కన పడుకున్న మనిషికి ఆ కాల్ అంతా వినపడుతుంది. కాబట్టి ఇద్దరుండే ఇంట్లో ఎప్పుడూ పరిచి ఉండే మంచం ఒకటి, దానికీ ముందు భాగానికీ మధ్య మూసుకునే తలుపు ఒకటి ఉండి తీరాలన్నది నా పట్టుదల. ఈ రెండూ కావాలంటే మామూలుగా 24 అడుగులు దాటాల్సి వస్తుంది.

ఇక వంట. క్లాస్ బిలో చాలా వంటిళ్లకు గట్టు అంటూ వేరే ఉండదు. పొయ్యి మీద గాజు మూత దించితే అదే గట్టు. అంటే పప్పు ఉడుకుతున్నంతసేపూ ఉల్లిపాయలు తరగడానికి చోటుండదు. అన్నీ ముందే తరిగి పెట్టుకుని, అప్పుడు మూత ఎత్తి పొయ్యి వెలిగించాలి. పరుపు చేతికందే దూరంలోనే ఉంటుంది. ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి పోపు పెడితే ఆ ఘాటు దిండు గలీబుల్లోకీ, తగిలించిన చొక్కాల్లోకీ దిగిపోతుంది. పైకప్పు ఫ్యాను ఎంత జోరుగా తిరిగినా పొగ అలారం కూసినా కూయవచ్చు. వేపుళ్లూ పోపులూ బయట చిన్న స్టవ్ మీద కానిచ్చుకోవచ్చు గానీ వాన రోజున ఆ దారి కూడా మూసుకుపోతుంది. రోజూ రెండు పూటలా వండుకునే అలవాటున్నవాళ్లు ఈ ఒక్క కారణానికే ఇంకో నాలుగైదు అడుగులు ఎక్కువ తీసుకున్నా తప్పులేదు.

నీళ్ల సంగతి బకెట్లలో లెక్కేస్తే మనకు సులువుగా అర్థమవుతుంది. చిన్న వ్యాన్‌లో మంచినీళ్ల ట్యాంకు 20 గ్యాలన్లు ఉండవచ్చు. అంటే 76 లీటర్లు, పెద్ద బకెట్లతో నాలుగు. తాగడం, వండడం, తోమడం, ఇద్దరి స్నానాలు అన్నీ అందులోనే. పెద్ద క్లాస్ ఎలో 100 గ్యాలన్ల ట్యాంకు ఉంటే 378 లీటర్లు. వాడిన నీళ్లు చేరే గ్రే ట్యాంకు చాలాసార్లు మంచినీళ్లు అయిపోకముందే నిండిపోతుంది. మరుగుదొడ్డి ట్యాంకు పది గ్యాలన్లదైతే ఇద్దరికి మూడు నాలుగు రోజులు వచ్చేసరికి దాన్ని ఖాళీ చేసే డంప్ స్టేషన్ వెతుక్కోవాలి. పడమటి రాష్ట్రాల్లో బీఎల్‌ఎమ్ అనే కేంద్ర ప్రభుత్వ శాఖ కింద ఉన్న భూముల్లో చాలాచోట్ల ఉచితంగా 14 రోజులు ఉండనిస్తారు. చుట్టూ మనిషి జాడ ఉండదు, చీకటి పడితే ఆకాశం నిండా చుక్కలే. ఆ 14 రోజులూ కదలకుండా ఉండగలమా లేదా అన్నది ట్యాంకులు తేలుస్తాయి, మంచం సైజు కాదు. కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 30 ఆంప్‌ల బండికి 3,600 వాట్లే దిక్కు. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ పొయ్యి వేస్తే దాదాపు అయిపోయినట్టే. పెద్ద బండ్లకుండే 50 ఆంప్‌ల కనెక్షన్‌తో 12,000 వాట్లు వస్తాయి.

అందరూ చూసీచూడనట్టు వదిలేసేది బరువు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. క్లాస్ సి బండ్లలో చాలావాటిని ఫోర్డ్ ఇ-450 చాసీ మీద కడతారు. చాసీ సొంత బరువు, ఇల్లు, ఇంధనం, నీళ్లు, మనుషులు, సామాను అన్నీ కలిపి 14,500 పౌన్లు మించకూడదు. 24 అడుగుల ఇంటినీ దాని మీదే కడతారు, 32 అడుగుల ఇంటినీ దాని మీదే కడతారు. ఇల్లు పెరిగిన కొద్దీ గోడలు, నేల, సోఫా, బండి ఆపినప్పుడు బయటికి జరిగే గదుల (స్లైడ్‌ల) మోటార్లు అన్నీ ఆ 14,500లో నుంచే తమ వాటా తీసుకుంటాయి. ఫలితం ఏమిటంటే, ఇల్లు పెద్దదయ్యే కొద్దీ అందులో పెట్టుకోగల సామాను బరువు తగ్గుతుంది! అల్మరాలు ఎక్కువే ఉంటాయి, వాటిని నింపడానికి మాత్రం వీలుండదు. పొడవైన క్లాస్ సిల్లో మనుషులకూ సామానుకూ కలిపి మిగిలేది వెయ్యి, పదిహేను వందల పౌన్లకు పడిపోవడం అరుదేమీ కాదు. 40 గ్యాలన్ల నీళ్లు నింపితే 334 పౌన్లు. ఇద్దరు మనుషులు మరో 300. ఆ మిగిలినదాంట్లో బట్టలు, పుస్తకాలు, పనిముట్లు, సైకిళ్లు, వంట సామాను, వెట్ గ్రైండర్, బియ్యం బస్తా పట్టాలి.

సెలవులకు వెళ్లేవాళ్లు నాలుగు జతల బట్టలతో వెళతారు కాబట్టి వాళ్లకు ఈ బాధ తెలియదు. ఫుల్‌టైమర్లకు చలికోట్ల దగ్గర నుంచి పెళ్లి ఆల్బమ్‌ల దాకా ఉన్నదంతా బండిలోనే ఉంటుంది. పరిమితి దాటితే టైర్లు వేడెక్కి పేలతాయి, బ్రేకులు ఆలస్యంగా పట్టుకుంటాయి. వెనక ఇరుసు దాటి మరీ పొడుగ్గా సాగిన భాగం మీద బరువు పడితే, పక్క నుంచి పెద్ద ట్రక్కు వెళ్లినప్పుడల్లా బండి తోక ఊగుతుంది. అదృష్టవశాత్తు దీన్ని తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఎక్కే తలుపు లోపలి వైపు పసుపు రంగు స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌన్లు మించకూడదో, ట్యాంకు నిండా నీళ్లు పోస్తే ఎంత బరువో దాని మీద రాసి ఉంటుంది. ఒకే మోడల్‌లో కూడా అమర్చిన సదుపాయాలను బట్టి ఈ అంకె మారుతుంది. అందుకని కొనబోయే ఆ బండి స్టిక్కరే చదవాలి. డీజిల్ క్లాస్ ఎల్లో ఇల్లు పెరిగితే కింద చాసీ కూడా పెద్దదవుతుంది కాబట్టి ఇంత ఇరుకు ఉండదు. కాకపోతే వాటి ధర, టైర్లు, సర్వీసు తడిసి మోపెడవుతాయి. 40 అడుగులు దాటిన మోటార్‌హోమ్ నడపాలంటే కాలిఫోర్నియాలో మామూలు లైసెన్సు చాలదు కూడా.

ఇక ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడ ఆపాలి అన్న సంగతి. అమెరికా నేషనల్ పార్కుల్లో క్యాంప్‌గ్రౌండ్‌లు ఇంత చిన్నవిగా ఎందుకున్నాయో తెలిస్తే వాటి మీద కోపం రాదు. 1920లలో కార్లేసుకుని వచ్చినవాళ్లు చెట్ల మధ్య ఎక్కడపడితే అక్కడ ఆపేవాళ్లు. చక్రాల కింద నేల గట్టిపడి, వేళ్లకు గాలీ నీళ్లూ అందక మహావృక్షాలు దెబ్బతింటున్నాయని ఇ.పి. మైనెకె అనే వృక్షవ్యాధి శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. 1932లో ఆయన చెప్పిన పరిష్కారం, ఒకవైపే వెళ్లే గుండ్రటి దారి, దాని నుంచి పక్కకు చీలిన చిన్న చిన్న పార్కింగ్ పాయలు, ఒక్కో కుటుంబానికి ఒక్కో పాయ. ఆ తర్వాత ప్రభుత్వం కట్టించిన క్యాంప్‌గ్రౌండ్‌లు చాలా వరకు ఇదే నమూనాలో వచ్చాయి. అప్పటి కార్లకు, చిన్న ట్రైలర్లకు సరిపోయేలా వేసిన ఆ పాయల్లో 40 అడుగుల బండి పట్టదు. చెట్లను కాపాడటానికి గీసిన కొలతలవి.

రోడ్లదీ అదే కథ. మోంటానాలోని గ్లేసియర్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు నడిమి భాగంలోకి 21 అడుగులు దాటిన వాహనాన్ని గానీ, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటినదాన్ని గానీ రానివ్వరు. మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యాన్‌లలోనే పొట్టిది 19న్నర అడుగులుండి వెళ్లిపోతుంది, దాని పొడుగు రకం దాదాపు 23 అడుగులుండి ఆగిపోతుంది. కొండ అంచున తొలిచిన ఆ దారి మీద కొత్తగా కరిగిన మంచునీళ్లు రోడ్డు పక్కన ధారలుగా దూకడం చూడాలన్నవాళ్లకు ఆ మూడున్నర అడుగుల తేడా చాలా పెద్దది. బండి కిందే వదిలేసి పార్కువాళ్ల బస్సు ఎక్కే వీలుంది, అది వేరే సంగతి. యూటాలోని జియాన్ పార్కులో 1930లో తెరిచిన సొరంగం ఉంది. ఇన్నాళ్లూ పెద్ద బండ్లు రుసుము కట్టి, ఎదుటి ట్రాఫిక్‌ను రేంజర్లు ఆపితే మధ్య గీత మీదుగా దాటేవి. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ మించిన బండ్లను 2026 మధ్య నుంచి అసలు రానివ్వకూడదని పార్కు నిర్ణయించింది. క్లాస్ ఎ, క్లాస్ సిల్లో చాలా భాగం ఈ లెక్కకు బయటే. పొడవు గురించే ఆలోచించేవాళ్లు ఎత్తును మరిచిపోతారు. మనవాళ్లు బాగా స్థిరపడ్డ నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో 11 అడుగుల 8 అంగుళాల రైలు వంతెన ఎన్నో ట్రక్కుల పైకప్పులు చీల్చింది. చివరికి 2019లో దాన్ని 8 అంగుళాలు పైకెత్తారు. నెత్తి మీద ఏసీలున్న క్లాస్ ఎ బండ్లు చాలావాటికి ఆ కొత్త ఎత్తు కూడా చాలదు.

పెద్ద బండి తీసుకుని, వెనక చిన్న కారు కట్టుకుని తిరుగుదామన్నది చాలామంది ఎంచుకునే దారి. నెలకు ఒక చోట చొప్పున ప్రైవేటు పార్కుల్లో ఉంటూ, కూరగాయలకూ ఆసుపత్రికీ కారులో వెళ్లేవాళ్లకు ఇది చక్కగా కుదురుతుంది. పిల్లలున్నవాళ్లకు నేనైతే ఇదే చెబుతాను. ఒక్కటి గుర్తుంచుకోవాలి, కారును నాలుగు చక్రాల మీదే లాక్కెళుతున్నప్పుడు బండిని వెనక్కి నడపడం కుదరదు. తప్పు సందులోకి దూరితే దిగి కారు విప్పాల్సిందే. రెండు మూడు రోజులకోసారి మకాం మార్చేవాళ్లకు ఈ కట్టడం విప్పడం విసుగు పుట్టిస్తుంది. ఇంధనం ఖర్చూ లెక్కలోకి రావాలి: పెట్రోలు క్లాస్ ఎ గ్యాలన్‌కు ఏడెనిమిది మైళ్లు ఇస్తే గొప్ప. వ్యాన్ దానికి రెట్టింపు ఇస్తుంది.

ఇద్దరు మనుషులు, ఇద్దరికీ పని, తిరగాలన్న కోరిక కూడా గట్టిగా ఉంటే నా ఓటు 24 నుంచి 28 అడుగుల మధ్య బండికే. ఒంటరిగా, పగలంతా ఆరుబయట గడిపే మనిషికి 21 అడుగుల లోపు వ్యాన్ చాలు. ఏది చూసినా, బయటికి జరిగే స్లైడ్‌లన్నీ మూసి ఉన్నప్పుడు ఒకసారి లోపలికి నడవండి. హైవే పక్కన కాసేపు ఆగినప్పుడు ఫ్రిజ్ తెరుచుకుంటుందా, మరుగుదొడ్డి తలుపు తీయగలమా, మంచం అందుతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. కొన్ని బండ్లలో స్లైడ్ మూస్తే వంటిల్లే కనపడదు.

అద్దెకిచ్చే కంపెనీల దగ్గర 20, 25, 30 అడుగుల బండ్లు దొరుకుతాయి. నవంబరులోనో ఫిబ్రవరిలోనో, అద్దెలు తగ్గినప్పుడు ఒక వారం తీసుకోండి. ఏ పార్కుకూ వెళ్లకుండా, ఊరి దగ్గరి క్యాంప్‌గ్రౌండ్‌లో పెట్టి, అందులోనే ఉండి ఆఫీసు పని చేయండి, వండుకోండి, బట్టలు ఉతుక్కోండి. తర్వాత వేరే సైజుది ఇంకో వారం. కొత్త మోటార్‌హోమ్ ధర మొదటి ఏడాదే బాగా పడిపోతుంది. సైజు కుదరక తిరిగి అమ్ముకుంటే పోయే డబ్బు ముందు ఈ రెండు వారాల అద్దె ఒక లెక్కలోది కాదు.