దీర్ఘకాలిక తోకచుక్క కక్ష్యను ఎలా నిర్ణయిస్తారు?

సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి 200 సంవత్సరాలకు మించి పట్టే తోకచుక్కలను దీర్ఘకాలిక తోకచుక్కలు అంటారు. వీటి పూర్తి ప్రదక్షిణను ఏ మనిషీ తన జీవితకాలంలో చూడలేడు. మరి వీటి ఆవర్తన కాలం వేల సంవత్సరాలని ఎలా చెప్పగలుగుతున్నారు? ఆ సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చు? హేల్-బాప్ తోకచుక్క ఉదాహరణగా ఈ విషయాన్ని తెలుసుకుందాం.

పరిశీలన

1995 జూలై 23న అమెరికాలో అలన్ హేల్, థామస్ బాప్ దీనిని విడివిడిగా కనుగొన్నారు. అప్పుడది సూర్యుని నుంచి దాదాపు 7 ఖగోళ యూనిట్ల దూరంలో, గురుగ్రహ కక్ష్యకు ఆవల ఉంది. సూర్యునికీ భూమికీ మధ్య సగటు దూరాన్ని, అంటే దాదాపు 15 కోట్ల కిలోమీటర్లను, ఒక ఖగోళ యూనిట్ అంటారు.

అంత దూరంలోని వస్తువు ఆకాశంలో రోజురోజుకూ జరిగేది చాలా తక్కువ. కొద్ది రోజుల పరిశీలనలు మాత్రమే ఉంటే, వాటికి దీర్ఘవృత్తమూ సరిపోతుంది, పరావలయమూ సరిపోతుంది. అదృష్టవశాత్తు, ఆస్ట్రేలియాలో 1993 ఏప్రిల్‌లో తీసిన ఒక ఫొటోగ్రాఫిక్ ప్లేటుపై ఈ తోకచుక్క అప్పటికే నమోదై ఉన్నట్లు గుర్తించారు. దానితో పరిశీలనల వ్యవధి రెండేళ్లు దాటి, కక్ష్య స్పష్టపడింది.

గణన

హేల్-బాప్ పరిహేళి దూరం 0.914 ఖగోళ యూనిట్లు. ఈ దూరాన్ని (1 − ఉత్కేంద్రత)తో భాగిస్తే అర్ధ దీర్ఘాక్షం వస్తుంది. కెప్లర్ మూడో నియమం ప్రకారం, సంవత్సరాలలో ఆవర్తన కాలపు వర్గం ఖగోళ యూనిట్లలో అర్ధ దీర్ఘాక్షపు ఘనానికి సమానం.

ఉత్కేంద్రత 0.995 అనుకుంటే అర్ధ దీర్ఘాక్షం సుమారు 183 యూనిట్లు, ఆవర్తన కాలం సుమారు 2,470 సంవత్సరాలు.

ఉత్కేంద్రత 0.996 అనుకుంటే అవి వరుసగా సుమారు 228 యూనిట్లు, 3,450 సంవత్సరాలు.

మూడో దశాంశ స్థానంలో ఒక్క అంకె మారితే వెయ్యేళ్ల తేడా వచ్చింది. పరిశీలనల వ్యవధి ఎక్కువగా ఉండాలని ఖగోళ శాస్త్రజ్ఞులు పట్టుబట్టడానికి కారణం ఇదే.

గురుగ్రహ ప్రభావం

కక్ష్యను కచ్చితంగా కనుగొన్నా, అది శాశ్వతం కాదు. 1996 ఏప్రిల్‌లో హేల్-బాప్ గురుగ్రహానికి 0.77 ఖగోళ యూనిట్ల దూరం నుంచి వెళ్లింది. గురుని ఆకర్షణ వల్ల, అంతకు ముందు సుమారు 4,200 సంవత్సరాలుగా ఉన్న ఆవర్తన కాలం సుమారు 2,500 సంవత్సరాలకు తగ్గింది. 1997 ఏప్రిల్ 1న అది పరిహేళిని చేరింది. దాదాపు 18 నెలలు కంటికి నేరుగా కనిపించింది. 2007లో 25 ఖగోళ యూనిట్లకు పైగా దూరం వెళ్లాక కూడా పెద్ద టెలిస్కోపులతో దానిని పరిశీలించారు.

కాబట్టి దీర్ఘకాలిక తోకచుక్క ఆవర్తన కాలాన్ని చెప్పేటప్పుడు, అది గ్రహాల ప్రభావానికి ముందుదా, తర్వాతదా అన్నది తప్పక పేర్కొనాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పరిహేళి దూరం 0.914 ఖగోళ యూనిట్లు, ఉత్కేంద్రత 0.9965 అయితే ఆవర్తన కాలం ఎంత? ఆ విలువ హేల్-బాప్ గురుగ్రహాన్ని సమీపించక ముందు కక్ష్యకు సరిపోతుందా, తర్వాతి కక్ష్యకు సరిపోతుందా?