పాఠం 14: సమానం కాని ఇద్దరి ఆట

14.0 పరిచయం

చదరంగం ఆడేటప్పుడు ఇద్దరికీ పదహారేసి పావులు ఉంటాయి. రమ్మీలో అందరికీ పదమూడేసి ముక్కలు పంచుతారు. ఎవరు గెలవాలన్నా దారి ఒకటే. కానీ కొన్ని ఆటల్లో ఇద్దరి బలాలూ వేరు, ఇద్దరి లక్ష్యాలూ వేరు. ఒకరు కాపలా కాస్తారు, మరొకరు ఆ కాపలాను దాటాలని చూస్తారు. అయినా ఆట న్యాయంగానే సాగుతుంది. ఇది ఎలా సాధ్యం?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి రెండు ఆటలను పరిశీలిద్దాం. ఒకటి మన పల్లెల్లో ఆడే పులి-మేక. రెండోది 1996లో అమెరికాలో వచ్చిన ‘నెట్‌రన్నర్’ అనే పేకముక్కల ఆట. పెద్ద కంపెనీల కంప్యూటర్లలోకి చొరబడే వ్యక్తికీ, ఆ కంపెనీకీ మధ్య పోరాటమే ఈ రెండో ఆట. ఆట గురించి తెలుసుకోవడం ఒక ఎత్తు. ఆ ఆలోచనతో మన ఫోనునూ బ్యాంకు ఖాతానూ కాపాడుకోవడం మరొక ఎత్తు.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• సమానం కాని ఆట అంటే ఏమిటో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• నెట్‌రన్నర్ ఆటలో ఇద్దరి పనులనూ పోల్చగలుగుతారు.
• కాపలా కాసేవారికీ, చొరబడేవారికీ ఉండే ఇబ్బందులను వివరించగలుగుతారు.
• ఆటలోని సూత్రాలను నిత్యజీవితంలో జాగ్రత్తకు ఉపయోగించుకోగలుగుతారు.

14.1 మనకు తెలిసిన ఆట: పులి-మేక

పులిజూదం అని కూడా పిలిచే ఈ ఆటను మీరు ఆడే ఉంటారు, లేదా అరుగుల మీద పెద్దలు ఆడుతుంటే చూసే ఉంటారు. పాత గుడుల మండపాల్లో రాతి పలకల మీద చెక్కిన ఇలాంటి ఆటగీతలు దక్షిణ భారతంలో చాలాచోట్ల కనిపిస్తాయి. గీతలు కలిసే చోట్ల కాయలు పెడతారు. ఎక్కువగా ఆడే పద్ధతిలో మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు స్థానాలు ఉంటాయి. ఊరిని బట్టి ఈ సంఖ్యలు మారవచ్చు.

పులి తన పక్కనే ఉన్న మేక మీదుగా దూకి, అవతలి ఖాళీ స్థానంలో దిగితే ఆ మేక చచ్చినట్టే. మేకకు దూకే శక్తి లేదు, చంపే శక్తి అసలే లేదు. పైగా మేకలన్నిటినీ పెట్టడం పూర్తయ్యేదాకా ఏ మేకనూ కదపకూడదు. కానీ పులులకు కదిలే చోటు లేకుండా చుట్టూ కట్టడి చేస్తే మేకలదే గెలుపు. పులికి బలం, మేకకు సంఖ్య. పులి వేటాడాలి, మేకలు ఐకమత్యంగా నిలబడాలి. ఇదే సమానం కాని ఆట.

ఈ ఆటలో దాపరికం లేదు. కాయలన్నీ ఇద్దరి కళ్లముందే ఉంటాయి. ఒకరి వస్తువులు మరొకరికి కనబడకుండా ఉంటే ఏమవుతుంది? నెట్‌రన్నర్ సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

14.2 నెట్‌రన్నర్ పుట్టుక

ఈ ఆటను రూపొందించినవారు రిచర్డ్ గార్ఫీల్డ్. ఆయన గణితశాస్త్రవేత్త. 1993లో వచ్చిన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అనే పేకముక్కల ఆట కూడా ఆయనదే. నెట్‌రన్నర్‌ను 1996లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ ప్రచురించింది. తరవాత 2012లో ఫాంటసీ ఫ్లైట్ సంస్థ దీన్ని ‘ఆండ్రాయిడ్: నెట్‌రన్నర్’ అనే పేరుతో మళ్లీ తెచ్చింది. 2018లో ఆ ప్రచురణ ఆగిపోయింది. అయినా ఆట ఆగలేదు. ఆటను ఇష్టపడే అభిమానులే లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడి కొత్త ముక్కలు తయారుచేయడం మొదలుపెట్టారు. ఆ సంస్థ పేరు ఇప్పుడు నల్ సిగ్నల్ గేమ్స్.

కథ జరిగేది భవిష్యత్తులో. ప్రభుత్వాలకన్నా కంపెనీల బలమే ఎక్కువైన కాలం అది. శాస్త్రం పెరిగినా సామాన్యుడి బతుకు మెరుగుపడని ఇలాంటి ఊహాలోకాలను ‘సైబర్‌పంక్’ అంటారు. ఈ కథలో మన దేశానికీ చోటు దక్కింది. 2016లో వచ్చిన కొన్ని ముక్కల కట్టలు ‘ముంబడ్’ అనే కల్పిత భారత నగరానికి సంబంధించినవి. వాటిలో రెండు కట్టలకు కాలా ఘోడా, సాల్సెట్ ద్వీపం అనే ముంబయి ప్రాంతాల పేర్లే పెట్టారు.

14.3 ఇద్దరు ఆటగాళ్లు, రెండు పనులు

ఒక ఆటగాడు కార్పొరేషన్, అంటే కంపెనీ. రెండో ఆటగాడు రన్నర్, అంటే చొరబడేవాడు. ఇద్దరి పేకకట్టలూ వేరు. ఒకరి ముక్కలు మరొకరికి పనికిరావు.

కంపెనీ రహస్య పథకాలకు ‘అజెండాలు’ అని పేరు. ప్రతి అజెండాకూ కొన్ని పాయింట్లు ఉంటాయి. కంపెనీ వాటిని పూర్తిచేసి పాయింట్లు సంపాదిస్తుంది. రన్నర్ వాటినే దొంగిలించి పాయింట్లు సంపాదిస్తాడు. మామూలుగా ముందు ఏడు పాయింట్లు చేరుకున్నవారిది గెలుపు. ఈ రెండు పక్షాలనూ పోల్చి చూడండి.

వంతుకు పనులు: కంపెనీకి మూడు, రన్నర్‌కు నాలుగు. ఒక్కో పనిని ‘క్లిక్’ అంటారు.
ముక్క తీయడం: కంపెనీ ప్రతి వంతు మొదట్లో ఒక ముక్క ఉచితంగా తీస్తుంది, తీయక తప్పదు కూడా. రన్నర్ ముక్క తీయాలంటే ఒక క్లిక్ ఖర్చుపెట్టాలి.
ముక్కలు పెట్టే తీరు: కంపెనీ బోర్లా పెడుతుంది. రన్నర్ వెల్లకిలా పెడతాడు.
ఓడిపోయే ప్రమాదం: తన కట్ట అయిపోయి ముక్క తీయలేకపోతే కంపెనీ ఓడుతుంది. రన్నర్‌కు దెబ్బ తగిలినప్పుడల్లా చేతిలోని ముక్కలు పోతాయి. ఉన్న ముక్కలకన్నా ఎక్కువ దెబ్బలు తగిలితే అతని పని అయిపోయినట్టే.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. కంపెనీ చేతిలోని ముక్కలు, తీయవలసిన కట్ట, పారేసిన ముక్కల కుప్ప, ఈ మూడూ రన్నర్ దాడిచేయదగిన చోట్లే. చేతిలోకి చొరబడితే ఏదో ఒక ముక్కను చూడకుండా లాగి చూస్తాడు. కట్టలోకి చొరబడితే పైముక్క చూస్తాడు. కుప్పలోకి వెళితే అన్నీ చూస్తాడు. చూసినది అజెండా అయితే అతనిదే. పేకాటలో మన చేతిలోని ముక్కలు భద్రమని అనుకొంటాం. ఈ ఆటలో ఆ ధీమా లేదు.

పాఠగత ప్రశ్నలు 14.1
1. పులి-మేకలో మేకలు ఎలా గెలుస్తాయి?
2. నెట్‌రన్నర్‌లో ఒక వంతుకు ఎక్కువ క్లిక్కులు ఎవరికి ఉంటాయి?
3. కంపెనీ వైపు రన్నర్ దాడిచేయదగిన మూడు చోట్లు ఏవి?

14.4 కాపలా ఎలా పనిచేస్తుంది?

ఢిల్లీలో ఆర్.కె. పురం లాంటి ప్రభుత్వ క్వార్టర్ల కాలనీని ఊహించుకోండి. గేటు దగ్గర ఒక కాపలాదారు, మెట్ల దగ్గర ఇనుప తలుపు, ఇంటికి తాళం ఉన్నాయనుకుందాం. లోపలికి వెళ్లాలంటే బయటి నుంచి ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లాలి. నెట్‌రన్నర్‌లో కంపెనీ కూడా ప్రతి చోటికీ ఇలా వరసగా కాపలా ముక్కలు పెట్టుకోవచ్చు. వీటిని ‘ఐస్’ అంటారు. ఇవి ముఖ్యంగా మూడు రకాలు: అడ్డుగోడలు, సంకేత ద్వారాలు, కాపలా భటులు. ఒక్కో రకాన్ని ఛేదించడానికి రన్నర్‌కు ఒక్కో రకం పనిముట్టు కావాలి.

ఐస్ కూడా బోర్లానే ఉంటుంది. రన్నర్ దాని ముందుకు వచ్చినప్పుడు కంపెనీ ఒక నిర్ణయం తీసుకోవాలి: సొమ్ము చెల్లించి దాన్ని లేపాలా, వద్దా? ఆటలో సొమ్మును ‘క్రెడిట్లు’ అంటారు. కంపెనీ దగ్గర క్రెడిట్లు లేకపోతే కాపలా ఉన్నా నిద్రపోతున్నట్టే. గుమ్మంలో మనిషి ఉంటే చాలదు, మేలుకొని ఉండాలి.

14.5 ఒక ఉదాహరణ

కంపెనీ దగ్గర 5 క్రెడిట్లు ఉన్నాయి. మొదటి క్లిక్‌తో ఒక కొత్త గది ముందు ఐస్ పెట్టింది. రెండో క్లిక్‌తో ఆ గదిలో ఒక ముక్క బోర్లా పెట్టింది. మూడో క్లిక్‌తో ఒక క్రెడిట్ తీసుకుంది. ఇప్పుడు 6 క్రెడిట్లు. గదిలోది రెండు పాయింట్ల అజెండా అనుకుందాం. దాన్ని మూడుసార్లు ముందుకు నడిపితే పూర్తవుతుంది. ఒక్కోసారికి ఒక క్లిక్, ఒక క్రెడిట్ ఖర్చు.

రన్నర్ ఊరుకుంటే ఏమవుతుంది? కంపెనీ తరవాతి వంతులో మూడు క్లిక్కులు, మూడు క్రెడిట్లు పెట్టి అజెండాను పూర్తిచేస్తుంది.

రన్నర్ చేతిలో పనిముట్టు లేకపోయినా ఒక క్లిక్ ఖర్చుపెట్టి దాడికి వెళ్లాడనుకుందాం. కంపెనీ 4 క్రెడిట్లు చెల్లించి ఐస్‌ను లేపింది. అది అడ్డుగోడ. రన్నర్ వెనక్కి తిరిగాడు. ఓడినట్టు కనిపిస్తాడు. కానీ లెక్క చూడండి. కంపెనీ దగ్గర మిగిలినవి 2 క్రెడిట్లే. తరవాతి వంతులో ఒక క్లిక్‌తో ఒక క్రెడిట్ సంపాదించి, మిగిలిన రెండు క్లిక్కులతో అజెండాను రెండుసార్లే నడపగలదు. పథకం ఒక వంతు ఆలస్యమయింది. ఆ లోపల రన్నర్ గోడను ఛేదించే పనిముట్టు వెతుక్కోవచ్చు.

మరి కంపెనీ ఐస్‌ను లేపకపోతే? రన్నర్ నేరుగా లోపలికి వెళ్లి రెండు పాయింట్లు దొంగిలించేవాడు. అయితే గదిలో ఉన్నది అజెండా కాక ఉచ్చు అయి ఉంటే, అతనికే దెబ్బ తగిలేది. ఆట రుచి అంతా ఈ ఊహల్లోనే ఉంది.

14.6 న్యాయం ఎక్కడుంది?

ఇద్దరికీ ఒకే వస్తువులు ఇవ్వడం న్యాయానికి ఒక పద్ధతి. ఒకరి బలహీనతకు తగినట్టు మరొకరి బలాన్ని తూచడం రెండో పద్ధతి. రన్నర్ తనకు నచ్చిన ఒక్క చోట దాడిచేస్తే చాలు. కంపెనీ అన్ని చోట్లా కాపాడుకోవాలి. అందుకు బదులుగా కంపెనీకి దాపరికం ఉంది: ఎక్కడ ఏముందో దానికే తెలుసు.

పోనీ, అజెండాలు లేకుండానే కంపెనీ కట్ట తయారుచేసుకోవచ్చా? కుదరదు. 45 నుంచి 49 ముక్కల కట్టలో 20 లేదా 21 పాయింట్ల అజెండాలు ఉండాలని నియమం. దొంగకు కావలసిన సొత్తు ఇంట్లో ఉంచుకొనే కాపలా కాయాలి. ప్రతి వంతులోనూ ముక్క తీయక తప్పదు కనక ఆ సొత్తు చేతికి వస్తూనే ఉంటుంది.

ఇంకొక ముఖ్యమైన అలవాటు ఉంది. పోటీల్లో ఆటగాళ్లు ఒకసారి కంపెనీగా, ఒకసారి రన్నర్‌గా ఆడతారు. పులి-మేకలో కూడా ‘ఈసారి నాకు పులులు’ అని పక్షాలు మార్చుకోవడం మీకు తెలిసిందే. దీనివల్ల పక్షపాతం పోతుంది. అంతకన్నా గొప్ప లాభం ఇంకొకటి: దొంగ పీట మీద కూర్చున్నవారికే తమ ఇంటి తలుపు ఎక్కడ వదులుగా ఉందో కనిపిస్తుంది.

పాఠగత ప్రశ్నలు 14.2
1. ఐస్ ఉన్నా ఎప్పుడు పనిచేయదు?
2. 14.5లోని ఉదాహరణలో రన్నర్ లోపలికి వెళ్లలేకపోయినా ఏం సాధించాడు?

14.7 ఆట నుంచి మన ఇంటికి

1986లో ఏర్పడిన జాతీయ నేర గణాంకాల సంస్థ చాలాకాలం ఆర్.కె. పురంలోని ఈస్ట్ బ్లాక్ 7 నుంచి పనిచేసింది. తరవాత మహిపాల్‌పుర్‌కు మారింది. దేశంలో నమోదైన నేరాల లెక్కలను ఏటా ప్రకటించేది ఈ సంస్థే. దాని లెక్కల ప్రకారం 2021లో 52,974 సైబర్ నేరాలు నమోదుకాగా, 2022లో అవి 65,893కు పెరిగాయి. ఆ ఏడాది ఒక్క తెలంగాణలోనే 15,297 కేసులు. దేశం మొత్తం మీద నూటికి సుమారు 65 కేసుల్లో ఉద్దేశం మోసం చేయడమే.

ఈ పోరాటంలో మనం ఏ పక్షం? సొత్తు మన దగ్గర ఉంది కనక కాపలా పక్షం. అయితే ఆటకూ జీవితానికీ తేడా గమనించండి. ఆటలో రెండు పక్షాలనూ తూచిన చేయి ఒకటి ఉంది. జీవితంలో అలా తూచినవారు లేరు. మోసగాడు రోజుకు ఎన్ని ఫోన్లయినా చేయగలడు. మనం ఒక్కసారి ఏమరితే చాలు.

రెండో తేడా మరీ ముఖ్యం. ఆటలో రన్నర్ గోడను ఛేదించుకుని వస్తాడు. మన ఫోనుకు వచ్చే మోసగాడు చాలాసార్లు గోడ జోలికే పోడు. బ్యాంకు ఉద్యోగిననో, పోలీసుననో చెప్పి మనచేతనే తలుపు తీయిస్తాడు. ఫోనుకు వచ్చే ఓటీపీ మన చివరి ఐస్. దాన్ని ఎవరికైనా చెప్పడమంటే కాపలాను మనమే నిద్రపుచ్చడం. బ్యాంకువారు ఓటీపీ గానీ, పిన్ గానీ ఫోనులో అడగరు. డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. సొమ్ము చేతులు మారకముందే ఆపడానికి ప్రతి నిమిషం విలువైనదే.

ఆటలో రన్నర్ కథానాయకుడిగా కనిపించవచ్చు. నిజజీవితంలో అనుమతి లేకుండా, దురుద్దేశంతో ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడడం నేరం. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లేదా అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

చేసి చూడండి

నేల మీద పులి-మేక గీతలు గీయండి. మూడు గులకరాళ్లు పులులుగా, పదిహేను చింతగింజలు మేకలుగా తీసుకోండి. ఇంట్లో ఒకరితో రెండు ఆటలు ఆడండి. రెండో ఆటకు పక్షాలు మార్చుకోండి. పులిగా ఆడినప్పుడు మేకల వరసలో మీకు కనిపించిన సందులు ఏవో రాసుకోండి. తరవాత అదే కంటితో మీ ఫోనును చూడండి. దానికి తాళం ఉందా? పిన్ ఎవరికి తెలుసు?

మీరు నేర్చుకున్నది

• సమానం కాని ఆటలో ఇద్దరి బలాలు, లక్ష్యాలు వేరువేరుగా ఉంటాయి.
• బలాలను తూచి ఇస్తే, సమానం కాకపోయినా ఆట న్యాయంగా ఉంటుంది.
• చొరబడేవాడికి ఒక్క సందు చాలు. కాపలా కాసేవారు అన్నిటినీ చూసుకోవాలి.
• రెండు పక్షాలా ఆలోచించినవారు తమ సొత్తును బాగా కాపాడుకోగలరు.

పాఠాంత ప్రశ్నలు

1. పులి-మేకకూ నెట్‌రన్నర్‌కూ గల పోలికలు, భేదాలు రాయండి.
2. కంపెనీ తన కట్టలో అజెండాలు ఉంచుకోక తప్పదనే నియమం లేకపోతే ఆట ఎలా మారుతుంది?
3. ‘మోసగాడు గోడ జోలికి పోడు’ అనే మాటను ఒక ఉదాహరణతో వివరించండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

14.1
1. పులులకు కదిలే చోటు లేకుండా కట్టడి చేసి గెలుస్తాయి.
2. రన్నర్‌కు.
3. చేతిలోని ముక్కలు, తీయవలసిన కట్ట, పారేసిన ముక్కల కుప్ప.

14.2
1. దాన్ని లేపడానికి క్రెడిట్లు లేనప్పుడు, లేదా కంపెనీ లేపకూడదని అనుకొన్నప్పుడు.
2. కంపెనీ చేత 4 క్రెడిట్లు ఖర్చుపెట్టించి, అజెండాను ఒక వంతు ఆలస్యం చేశాడు. ఐస్ ఏ రకమో కూడా తెలుసుకొన్నాడు.