విమానాశ్రయం లేని జిల్లాలో దులీప్ ట్రోఫీ – అనంతపురం క్రీడా గ్రామం ప్రస్థానం

(ప్రత్యేక వ్యాసం)

అనంతపురం: దేశవాళీ క్రికెట్‌లో రంజీ ట్రోఫీ తరువాత అంతటి గౌరవం పొందిన పోటీ దులీప్ ట్రోఫీ. 1961-62లో ప్రారంభమైన ఈ పోటీలకు 2024 సెప్టెంబరు నెలలో అనంతపురం ప్రధాన వేదికగా నిలిచింది. మొత్తం ఆరు మ్యాచ్‌లలో ఐదు ఇక్కడి మైదానాలలోనే జరిగాయి. మిగిలిన ఒక్కటి బెంగళూరుకు వెళ్ళింది. ఐదు మ్యాచ్‌లు ఇక్కడికి ఎట్లు వచ్చినవి, ఆ ఒక్కటి ఎందుకు రాలేదు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం తెలిసినచో, మారుమూల ప్రాంతంలో పెద్ద పోటీలను నిర్వహించడంలోని సాధక బాధకాలు పాత్రికేయ మిత్రులకు, అధికారులకు సులభంగా బోధపడగలవు.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. ఈ మైదానం ప్రభుత్వ స్టేడియం కాదు. గ్రామీణాభివృద్ధి సంస్థ, అనగా జిల్లా ప్రజలు ఆర్.డి.టి. అని పిలుచుకొనే సంస్థ, నిర్మించిన క్రీడా గ్రామంలోనిది. వార్తలలో దీనిని తరచుగా ప్రభుత్వ స్టేడియంగా పేర్కొనడం జరుగుతున్నది, అది సరికాదు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో భారతదేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో సేవా కార్యక్రమాలు నిర్వహించారు. 1969లో అనంతపురం చేరి ఈ సంస్థను స్థాపించారు. వర్షాధార వేరుశనగపై ఆధారపడి జీవించే గ్రామాలలో గృహాలు, పాఠశాలలు, ఆసుపత్రులు ఈ సంస్థ ప్రథమ కర్తవ్యాలు. ఆ క్రమంలోనే గ్రామీణ బాలబాలికలకు క్రీడలు కూడా విద్యలో భాగమేనన్న ఆలోచనతో క్రీడా గ్రామం రూపుదిద్దుకున్నది. 2009 జూన్ 19న ఫెర్రర్ దివంగతులయ్యారు. ఆ మరుసటి సంవత్సరం, 2010 అక్టోబరులో, ప్రఖ్యాత టెన్నిస్ క్రీడాకారుడు రఫెల్ నాదల్ స్వయంగా అనంతపురం వచ్చి, తన ఫౌండేషన్ ఆర్.డి.టి.తో కలసి నెలకొల్పిన టెన్నిస్ పాఠశాలను ప్రారంభించారు. బాలబాలికలకు అక్కడ టెన్నిస్‌తో పాటు చదువు కూడా చెప్పడం దాని ప్రత్యేకత.

అనంతపురానికి క్రికెట్ కొత్త కాదు. మాజీ రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి పేరిట గల స్టేడియంలో పూర్వం రంజీ పోటీలు జరిగినవి. క్రీడా గ్రామం ఏర్పడిన పిమ్మట ఆంధ్ర జట్టు మ్యాచ్‌లకు అది వేదిక అయింది. ఇక ఉమ్మడి జిల్లాలో తారల సందడితో జరిగిన మ్యాచ్ అంటే పెద్దలకు ముందుగా గుర్తుకు వచ్చేది పుట్టపర్తిలో 1997 డిసెంబరు 30న హిల్ వ్యూ స్టేడియంలో నిర్వహించిన యూనిటీ కప్. సచిన్ టెండూల్కర్ భారత జట్టుకు, అర్జున రణతుంగ ప్రపంచ జట్టుకు నాయకత్వం వహించారు. అయితే అది ఒక్కరోజు ప్రదర్శన మ్యాచ్ మాత్రమే. దులీప్ ట్రోఫీ అట్టిది కాదు. ఇందులోని ప్రతి పరుగు, ప్రతి వికెట్ క్రీడాకారుని ఫస్ట్ క్లాస్ రికార్డులో శాశ్వతంగా నమోదవుతుంది. జాతీయ జట్టు ఎంపికదారులు వాటిని చూస్తారు.

2024లో ఈ పోటీ స్వరూపమే మారింది. అప్పటివరకు దక్షిణ, పశ్చిమ మొదలైన మండల జట్లు తలపడేవి. ఆ సంవత్సరం జాతీయ ఎంపిక సంఘం ఇండియా ఎ, బి, సి, డి అను నాలుగు జట్లను స్వయంగా ఎంపిక చేసింది. ప్రతి జట్టు మిగిలిన మూడింటితో ఆడాలి, ఫైనల్ లేదు, పాయింట్లు ఎవరికి అధికమో వారే విజేత. దీని వలన నిర్వాహకులపై పడిన భారం గమనింపదగినది. ఒక్కొక్కటి నాలుగు రోజులపాటు, రోజుకు 90 ఓవర్ల చొప్పున సాగే రెండు మ్యాచ్‌లు ఏకకాలంలో జరగాలి. కాబట్టి ప్రమాణాలకు తగిన మైదానాలు ఒకే ఊరిలో రెండు కావాలి. ఒక్కటి ఉన్న ఊళ్ళు రాష్ట్రంలో అనేకం. రెండు ఉన్నవి బహు స్వల్పం. అనంతపురానికి ఆ అర్హత ఉన్నది.

మైదానాలు ఉన్నంత మాత్రాన పోటీ జరగదు. నాలుగు జట్ల ఆటగాళ్ళే సుమారు అరవై మంది. శిక్షకులు, ఫిజియోలు, అంపైర్లు, రిఫరీలు, స్కోరర్లు అదనం. వీరందరికీ వసతి, ఉదయం మైదానానికి ప్రయాణం, బందోబస్తు, అంబులెన్సు, నిరంతర విద్యుత్తు సమకూర్చాలి. వర్షం మరొక సమస్య. సంవత్సర సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే గల ప్రాంతంలో వాన భయమేమిటని కొందరు అనవచ్చు. కాని ఆ స్వల్ప వర్షంలో పెద్ద వాటా సెప్టెంబరు నెలదే. రైతు ఆకాశం వైపు ఆశగా చూసే నెలలోనే పిచ్ సిబ్బంది భయంగా చూడవలసి వచ్చింది!

ఇక బెంగళూరుకు వెళ్ళిన ఆ ఒక్క మ్యాచ్ సంగతి. అనంతపురానికి విమాన సౌకర్యం లేదు. పుట్టపర్తిలో విమానాశ్రయం ఉన్నప్పటికీ అక్కడికి 2024లో నిత్య ప్రయాణికుల సర్వీసులు లేవు. అంతర్జాతీయ ఆటగాళ్ళ ప్రయాణ సౌలభ్యాన్ని దృష్టిలో ఉంచుకొని మొదటి విడతలో ఒక మ్యాచ్‌ను బెంగళూరు చిన్నస్వామి స్టేడియానికి మార్చినట్లు ఆనాటి పత్రికలలో కథనాలు వెలువడ్డాయి. ఫలితంగా శుభ్‌మన్ గిల్, కె.ఎల్. రాహుల్, రిషభ్ పంత్, యశస్వి జైస్వాల్, కుల్దీప్ యాదవ్ బెంగళూరులోనే ఆడారు. రెండవ విడత నుండి అందరూ అనంతపురం రావలసి ఉండగా, సెప్టెంబరు 19న చెన్నైలో బంగ్లాదేశ్‌తో ప్రారంభం కానున్న టెస్టుకు ఎంపికైన వారు జట్లను విడిచి వెళ్ళారు. అనగా, విమానం లేని లోటుకు ఈ ప్రాంత ప్రేక్షకులు చెల్లించిన మూల్యం ఆ ఐదుగురి ఆట. దీనిని చిన్న విషయంగా భావించరాదు. గ్రామం నుండి వచ్చిన పదునాలుగేళ్ళ కుర్రవాడు పంత్ ఆటను టీవీలో చూడడం వేరు, సరిహద్దు తాడు పక్కన నిలబడి చూడడం వేరు.

అయినను ఆట రక్తి కట్టింది. సెప్టెంబరు 5న మొదలైన తొలి మ్యాచ్‌లో శ్రేయస్ అయ్యర్ నాయకత్వంలోని ఇండియా డి జట్టు 164 పరుగులకే కుప్పకూలగా, అందులో 86 అక్షర్ పటేల్ ఒక్కరివే. రెండవ ఇన్నింగ్స్‌లో ఎడమచేతి స్పిన్నర్ మానవ్ సుతార్ 49 పరుగులకు 7 వికెట్లు పడగొట్టగా, రుతురాజ్ గైక్వాడ్ సారథ్యంలోని ఇండియా సి మూడవ రోజే 4 వికెట్ల తేడాతో నెగ్గింది. గైక్వాడ్ పాదాలకు నమస్కరించుటకు ఒక అభిమాని మైదానంలోకి పరుగెత్తిన సంఘటన దేశమంతటా ప్రచారం పొందింది. అభిమానం ముచ్చటైనదే, బందోబస్తు అధికారులకు మాత్రం అది పాఠం.

రెండవ విడత తెలుగువారికి ప్రత్యేకమైనది. ఇండియా ఎ తరఫున హైదరాబాదు బ్యాట్స్‌మన్ తిలక్ వర్మ 111 పరుగులతో అజేయంగా నిలిచారు. అదే మ్యాచ్‌లో ఇండియా డి తరఫున ఆంధ్ర ఆటగాడు రికీ భుయ్ 113 పరుగులు చేశారు. తన జట్టును ఓటమి నుండి తప్పించలేకపోయారు. పక్క మైదానంలో అన్షుల్ కాంబోజ్ 69 పరుగులకు 8 వికెట్లు తీశారు. భుయ్ అంతటితో ఆగలేదు. మూడవ విడతలో ఇండియా బి పై మరల 119 పరుగులు చేసి అజేయంగా మిగిలారు. ఆ మ్యాచ్‌లో ఇండియా డి 257 పరుగులతో గెలిచింది.

విజేతను నిర్ణయించినది మాత్రం చివరి రోజైన సెప్టెంబరు 22. ఆ మ్యాచ్‌కు ముందు ఇండియా సి ఖాతాలో 9 పాయింట్లు, ఇండియా ఎ ఖాతాలో 6 పాయింట్లు ఉన్నవి. డ్రా అయినా ట్రోఫీ ఇండియా సి దే. 350 పరుగుల లక్ష్యంతో దిగిన ఆ జట్టులో సాయి సుదర్శన్ 111 పరుగులతో ఒంటరిపోరు సాగించినను, 217 వద్ద అందరూ అవుట్ అయ్యారు. మయాంక్ అగర్వాల్ సారథ్యంలో ఇండియా ఎ 132 పరుగులతో నెగ్గి, 12 పాయింట్లతో ట్రోఫీ అందుకున్నది. గిల్ వెళ్ళిపోయిన తరువాత పగ్గాలు చేపట్టిన నాయకుడు మయాంక్.

ఈ పోటీలకు దారి చూపినది 44వ జాతీయ రహదారి. బెంగళూరు విమానాశ్రయం నుండి అనంతపురం సుమారు 180 కిలోమీటర్లు. బాగేపల్లి దాటి రాష్ట్రంలో ప్రవేశించగానే కొడికొండ వద్ద ఎడమకు లేపాక్షి, హిందూపురం దారి. నేరుగా వచ్చినచో విజయనగర రాజుల రెండవ రాజధాని పెనుకొండ. 2019లో ప్రారంభమైన కియా కార్ల కర్మాగారం కూడా ఇచ్చటనే ఉన్నది. ఇంకను ముందుకు సాగి కుడివైపునకు మరలినచో ప్రసిద్ధ పట్టుచీరల కేంద్రం ధర్మవరం. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడడంతో ఈ మూడు పట్టణాలు పరిపాలనాపరంగా అనంతపురం నుండి వేరుపడినవి. క్రీడాభిమానులకు ఆ సరిహద్దు లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, అనంతపురం నాలుగూ ఒకే రైలు మార్గంలో ఉన్నవి. కావున ఇటువంటి పోటీలు జరిగినప్పుడు రద్దీ, రవాణా, వైద్య ఏర్పాట్లపై రెండు జిల్లాల యంత్రాంగం ముందుగానే కలసి సమీక్షించుకొనుట అవసరం. మ్యాచ్ ఒక జిల్లాలోనే జరిగినను, రహదారి భారం రెండింటిది.

2024 సెప్టెంబరు 29న, అనంతపురంలో చివరి మ్యాచ్ ముగిసిన వారం రోజులకు, భారత క్రికెట్ నియంత్రణ మండలి బెంగళూరులో నూతన శిక్షణ కేంద్రాన్ని ప్రారంభించింది. అది విమానాశ్రయానికి చేరువలో, అనంతపురం వచ్చే దారిలోనే ఉన్నది. 2025లో దులీప్ ట్రోఫీ తిరిగి మండల జట్ల పద్ధతికి మారి, ఆ కేంద్రంలోనే జరిగింది. అనంతపురంలో రెండు మైదానాలూ సిద్ధంగానే ఉన్నవి. ఆటగాళ్ళు విమానం దిగిన చోటు నుండి ఇచ్చటికి రోడ్డు ప్రయాణం మాత్రం నేటికీ మూడు గంటలకు పైమాటే.