స్టేడియం గోడల్లేవు.. 6 కిలోమీటర్ల నది! పారిస్ ఒలింపిక్స్ వేడుకకు బందోబస్తు ఎలా చేశారంటే?

2024 జులై 26 సాయంత్రం. పారిస్‌లో జోరు వాన. మువ్వన్నెల జెండా పట్టుకుని పీవీ సింధు, శరత్ కమల్ సీన్ నది మీద బోటులో వెళ్తుంటే మనవాళ్లంతా టీవీల్లో చూశారు. టీవీలో కనిపించని సంగతి ఇంకోటుంది. ఆ ఒక్క వేడుక కోసం 45 వేల మంది పోలీసులు డ్యూటీలో ఉన్నారు. మేడల మీద స్నైపర్లు కాపు కాశారు. ఆరున్నర నుంచి అర్ధరాత్రి దాకా పారిస్ చుట్టూ 150 కిలోమీటర్ల మేర గగనతలాన్ని మూసేశారు.

ఎందుకింత హడావుడి?

సమ్మర్ ఒలింపిక్స్ చరిత్రలో ఓపెనింగ్ సెర్మనీని స్టేడియం బయట చేయడం అదే మొదటిసారి. స్టేడియం అయితే గేట్లుంటాయి. టికెట్ చూసి, బ్యాగు వెతికి లోపలికి పంపితే పని అయిపోతుంది. ఇక్కడ ఉన్నది ఆరు కిలోమీటర్ల నది. రెండు వైపులా గట్లు, మధ్యలో వంతెనలు, వేల కొద్దీ కిటికీలు, కింద మెట్రో.

అందుకే జనం సంఖ్యకే ముందు కోత పడింది. మొదట 6 లక్షల మంది వస్తారని లెక్కేశారు. చివరికి దాన్ని 3.26 లక్షలకు కుదించారు. 2024 మార్చిలో మాస్కోలోని క్రోకస్ సిటీ హాల్‌పై దాడి జరిగాక ఫ్రాన్స్ ఉగ్రవాద హెచ్చరికను అత్యున్నత స్థాయికి పెంచింది. ముప్పు మరీ ఎక్కువైతే వేడుకను ట్రొకాడెరో దగ్గరకే పరిమితం చేస్తామని, లేదంటే స్టేడియంలోకి మారుస్తామని అధ్యక్షుడు మాక్రాన్ ఏప్రిల్‌లోనే చెప్పేశారు.

2022 నేర్పిన పాఠం

ఫ్రెంచ్ పోలీసుల మీద అప్పటికే ఒక మచ్చ ఉంది. 2022 మే 28న పారిస్ శివార్లలోని స్టేడియంలో లివర్‌పూల్, రియల్ మాడ్రిడ్ మధ్య ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. గేట్ల బయటే వేలాది మంది ఇరుక్కుపోయారు. పిల్లలతో వచ్చిన వాళ్ల మీదా బాష్పవాయువు పడింది. మ్యాచ్ అరగంటకు పైగా ఆలస్యమైంది. తప్పంతా ఫ్యాన్స్‌దేనని మొదట్లో అధికారులు చెప్పినా, తర్వాత వచ్చిన స్వతంత్ర నివేదిక అది నిజం కాదని తేల్చింది. లోపం ప్లానింగ్‌లోనే ఉందని చెప్పింది.

అంటే జనానికి అసలు ప్రమాదం స్టేడియం లోపల కాదు, గేటు బయట క్యూలో ఎదురైంది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయినప్పుడు మనమూ అదే చూశాం.

ఊరికే క్యూఆర్ కోడ్!

వేడుకకు ఎనిమిది రోజుల ముందు, జులై 18 నుంచే నది గట్ల చుట్టూ బారికేడ్లు వచ్చేశాయి. ఆ జోన్‌లో ఉంటున్న వాళ్లు సొంతింటికి వెళ్లాలన్నా క్యూఆర్ కోడ్ చూపించాల్సిందే. కస్టమర్లు రాక హోటళ్లు, దుకాణాలు వెలవెలబోయాయి. గట్టు మీద పాత పుస్తకాలు అమ్ముకునే వాళ్ల పెట్టెల్ని కూడా తీసేయాలని పోలీసులు పట్టుబట్టారు. అమ్మకందారులు ఎదురు తిరగడంతో మాక్రాన్ ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఒలింపిక్స్‌లో పనిచేసే సిబ్బంది, వాలంటీర్లు సహా దాదాపు 10 లక్షల మంది పూర్వాపరాలు ఆరా తీశారు. వారిలో 4 వేల మందికి పైగా పక్కన పెట్టారు. ఇతర దేశాల సాయమూ తీసుకున్నారు. మన కేంద్ర బలగాల నుంచి 10 డాగ్ స్క్వాడ్ బృందాలు పారిస్ వెళ్లాయి. సీఆర్పీఎఫ్ జాగిలాలు వాస్ట్, డెన్‌బీ అందులో ఉన్నాయి.

అయినా దెబ్బ తగిలింది.. ఎక్కడ?

వేడుక రోజు తెల్లవారకముందే హైస్పీడ్ రైలు మార్గాల మీద దాడి జరిగింది. మూడు చోట్ల సిగ్నల్ కేబుళ్లకు నిప్పు పెట్టారు. నాలుగో చోట రాత్రి డ్యూటీలో ఉన్న రైల్వే కార్మికులు చూసి అడ్డుకున్నారు. ప్రభావం పడిన ప్రయాణికులు దాదాపు 8 లక్షల మంది. కేబుళ్లు కాలిన చోట్లు పారిస్‌కు వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి. నది దగ్గర మాత్రం వేడుక ప్రశాంతంగా ముగిసింది.

బందోబస్తులో ఉన్న చిక్కంతా ఇదే. ఒక చోట కంచె కడితే ప్రమాదం కంచె అవతలికి జరుగుతుంది. క్యూలో, రైలు పట్టాల మీద, ఎవరూ కాపలా లేని చోట కాచుకుని ఉంటుంది.

2030 కామన్వెల్త్ గేమ్స్‌కు అహ్మదాబాద్ ఆతిథ్యం ఇవ్వబోతోంది. స్టేడియంలో ఎన్ని కెమెరాలు పెడతారన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. దాంతో పాటు ఇంకో ప్రశ్న కూడా ముందే వేసుకోవాలి.. రైలు దిగిన మనిషి తన సీట్లో కూర్చునే దాకా, మ్యాచ్ అయ్యాక మళ్లీ రైలెక్కే దాకా ఆ దారి ఎవరి చేతుల్లో ఉంటుంది?