ఫిట్టరు సర్టిఫికెట్టు గిట్టుబాటేనా?



ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున కొన్ని ఇళ్ళలో పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసేవాళ్ళుండరు. విజయవాడలో మా చెల్లెలింట్లో అలాగే అయింది. పిల్లవాడు రెండు సబ్జెక్టులు తప్పాడు. వాడికి పద్ధెనిమిదేళ్ళు నిండాయి. ఆటోనగర్‌లో తెలిసినాయన ఒకరు తన లేతు వర్కుషాపులో హెల్పరుగా వేసుకుని నెలకు తొమ్మిది వేలిస్తానన్నాడు. ఇంకొకరేమో ఐ.టి.ఐ.లో ఫిట్టరు కోర్సులో చేర్పించమన్నారు.

"అక్కా, గొలుసు తాకట్టు పెట్టి ప్రైవేటులో చేర్పించనా, పనికి పంపనా?" అని మా చెల్లెలు ఫోను చేసింది.

"గొలుసు సంగతి తర్వాత. ముందు పద్దు పుస్తకం తియ్యి" అన్నాను. ఆ వేళ మేం వేసిన లెక్కే ఇవాళ మీకు చెబుతాను.

ముందు ఈ చదువేమిటో చూద్దాం. ఫిట్టరంటే యంత్రాల భాగాలను కొలిచి, ఆకురాయితో అరగదీసి, రంధ్రాలు వేసి, ఒకదానికొకటి సరిగ్గా అమర్చేవాడు. టర్నరు లేతు మీద ఇనుమును తిప్పుతూ కోస్తాడు. వెల్డరు అతుకుతాడు. ఫిట్టరు, టర్నరు కోర్సులు రెండేళ్ళు. వాటికి పదో తరగతి పాసై ఉండాలి. వెల్డరు కోర్సు ఏడాదే. దానికి ఎనిమిదో తరగతి చాలు. చివర పరీక్ష పాసైతే జాతీయ వృత్తి సర్టిఫికెట్టు వస్తుంది. అది దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది.

ఆ తర్వాత ఫ్యాక్టరీలో అప్రెంటిసుగా చేరి పని నేర్చుకోవచ్చు. దీనికి 1961 నుంచీ చట్టం ఉంది. చేరినవారికి నెలనెలా స్టైపెండు ఇవ్వాలి. 2019లో సవరించిన నియమాల్లో ఐ.టి.ఐ. పాసైనవారికి కనీసం 7,000 రూపాయలని పెట్టారు.

ఇక ఖర్చు. ఖర్చనగానే మనకు ఫీజే కళ్ళబడుతుంది. ప్రభుత్వ ఐ.టి.ఐ.లో ఫీజు కొద్దిగానే ఉంటుంది. ఫీజు, పుస్తకాలు, యూనిఫారం, బూట్లు అన్నీ కలిపి రెండేళ్ళకు 4,000 వేసుకున్నాం. బస్సుకీ టిఫినుకీ నెలకు 1,500 చొప్పున 36,000 అయింది. "ఇంతేనా!" అంది మా చెల్లెలు. ఇంతే కాదమ్మా! ఆ రెండేళ్ళూ వాడు పనికి వెళ్తే నెలకు 9,000 చొప్పున 2,16,000 ఇంటికి వచ్చేది. అది రాకపోవడం కూడా ఖర్చే. చేతిలోంచి పోయే డబ్బు కాదు గనుక మనం దాన్ని పద్దులో రాయం. మొత్తం 2,56,000.

తర్వాత అప్రెంటిసు ఏడాది ఉంది. అప్పటికి హెల్పరు జీతం 10,000 అయిందనుకుంటే, 7,000 స్టైపెండుతో నెలకు మూడు వేలు తక్కువ. ఏడాదికి 36,000. అదీ కలిపితే 2,92,000.

రాబడి వైపు చూద్దాం. మూడేళ్ళ తర్వాత హెల్పరుకు 11,000, పని వచ్చిన ఫిట్టరుకు 15,000 వస్తుందనుకుందాం. తేడా నెలకు నాలుగు వేలు, ఏడాదికి 48,000. పెట్టింది తిరిగి రావడానికి ఆరేళ్ళ పైచిలుకు. అంటే పిల్లవాడికి ఇరవయ్యేడేళ్ళు వచ్చేసరికి లెక్క సరిపోతుంది. ఆ పైన పనిచేసే ముప్ఫయ్యేళ్ళూ మిగులే. ఇవి మా ఇంటి అంకెలు. మీ ఊళ్ళో జీతాలు కనుక్కుని మీ అంకెలు మీరు వేసుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చేతికి సర్టిఫికెట్టు వచ్చినా పని రాలేదనుకోండి. షాపువాడు హెల్పరుకన్నా ఒక్క వెయ్యి ఎక్కువిచ్చి ఊరుకుంటాడు. అప్పుడు అదే 2,92,000 తిరిగి రావడానికి ఇరవైనాలుగేళ్ళు పడుతుంది! కాగితం ఒకటే అయినా ఆరేళ్ళు ఇరవైనాలుగేళ్ళవుతాయి. తేడా అంతా చేతిలో ఉంది. చెయ్యి తిరగడం ఏ ఐ.టి.ఐ.లో చేర్పిస్తామన్న దానిమీద చాలా ఆధారపడి ఉంటుంది.

అందుకని చేర్పించేముందు పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని స్వయంగా వెళ్ళండి. ఆఫీసు గదిలోనే కూర్చోకండి, వర్కుషాపు చూపించమనండి. ఎన్ని లేతులున్నాయి, అందులో ఎన్ని నడుస్తున్నాయి? ఒక యంత్రం చుట్టూ పదిమంది నిలబడితే నేర్చుకునేది చూడటమే. ఆ సంస్థకే కాదు, మీవాడు చేరే కోర్సుకు కూడా కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉందా? కిందటేడు పాసైనవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? ఒకరిద్దరితో మాట్లాడండి.

మేం వెళ్ళిన ఒక ప్రైవేటు సంస్థలో ఇరవై వేల చొప్పున రెండేళ్ళకు 40,000 అడిగారు. వర్కుషాపు తాళంచెవి వెతకడానికే అరగంట పట్టింది! తలుపు తీస్తే లేతు మీద దుమ్ము వేలితో పేరు రాసేటంత ఉంది. మా చెల్లెలు నా వైపు చూసి గొలుసు పైటలోకి దోపుకుంది.

అలాగని ప్రైవేటువన్నీ ఇంతేననీ, ప్రభుత్వానివన్నీ మేలనీ అనను. చూసి చేరండి, అంతే. నాలుగు నెలలు కూడా ఆగలేని ఇంట్లో పనికి పంపడం తప్పేమీ కాదు. అలాంటివారికి ఏడాది వెల్డరు కోర్సు మధ్యదారి. వదులుకునే జీతం సగమే.

పద్దులో పడని లాభాలు మరికొన్ని ఉన్నాయి. రైల్వేలో అసిస్టెంటు లోకో పైలట్టు వంటి ఉద్యోగాలకు పదో తరగతితోపాటు ఐ.టి.ఐ. ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో సంవత్సరంలో చేరే దారీ ఉంది. హెల్పరుకు ఈ తలుపులు తెరుచుకోవు. ఈ కోర్సులు ఆడపిల్లలకూ ఉన్నాయి. మీ అమ్మాయి అడిగితే "ఇనుము పని నీకెందుకే" అనకండి, ఇదే లెక్క వేసి చూడండి.

మావాడికి రెండో విడతలో ప్రభుత్వ ఐ.టి.ఐ.లోనే ఫిట్టరు సీటొచ్చింది. రెండేళ్ళు ఇల్లు గడవడానికి మా చెల్లెలు కుట్టుమిషను మళ్ళీ బయటికి తీసింది. మొన్న పండక్కి వెళ్తే వాడు ఆకురాయి పట్టి కాయలు కాచిన అరచేతులు చూపించి, "పెద్దమ్మా, ఇవి ఏ పద్దులో రాస్తావు?" అన్నాడు. జమలోనే రాస్తానన్నాను.