బందరులో పుట్టిన కంపెనీ – చేతిపని నిలబెట్టిన సంస్థ

మన కృష్ణా డెల్టాలో కాలువ నీరు సముద్రం దాపుకు చేరే చోట ఉన్న పట్టణం మచిలీపట్నం. మనందరి నోట బందరు. విజయవాడకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, రైలు మార్గం కూడా ఆగిపోయే చోట ఉన్న ఈ ఊరిని చాలామంది లడ్డుతోనూ, చేపలతోనూ గుర్తు పెట్టుకుంటారు. చీకటి రాత్రి సరిహద్దులో సైనికునికి చూపునిచ్చే పరికరాలు కూడా ఈ ఊరివేనని మన సభ్యులలో ఎంతమందికి తెలుసు? ఆ పని ఇంత మారుమూలకు ఎలా వచ్చింది, వచ్చి ఎలా నిలిచింది అనే విషయాన్ని ఇక్కడ వివరించదలచాము.

ఊరు, సముద్రం

ఒకప్పుడు బందరు పేరు మోసిన రేవు. ఇంగ్లీషు కంపెనీవారు 1611లోనే ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. డచ్చివారు, ఫ్రెంచివారు కూడా ఉండేవారు. అయితే ఈ తీరంలో లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకుంటే సరుకును పడవలలో చేరవేయవలసి వచ్చేది. దానికి తోడు 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న పొరుగునే ఉన్న దివిసీమకు జరిగింది మన పెద్దలు మరువలేనిది.

ఓడల వ్యాపారం తరిగిపోయినా ఊరు పాడుపడలేదు. చేతిలో పని ఉన్నవారు ఊరిని నిలబెట్టారు. గిలకలదిండి రేవులో బెస్తవారు, ఎండు చేపలు అమ్మే ఆడవారు, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పనివారు, పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ అద్దేవారు, అందరివీ తరతరాల పనులే. వేటలో వచ్చిన దానిని పడవకు ఇన్ని పాళ్ళు, వలకు ఇన్ని, మనిషికి ఇన్ని అని పంచుకోవడం మన తీరంలో పాత కట్టుబాటు. మనకు పాలు అంటే గేదె ఇచ్చేది. సముద్రం మీదకు పోయేవారికి పాలు అంటే వాటా. రెండు చోట్లా లెక్క సరిగా ఉంటేనే మరునాడు మనిషి వస్తాడు.

చిన్న మొత్తాలు, పెద్ద సంస్థలు

ఈ కలసి పనిచేసే అలవాటుకు చదువుకున్నవారి పూనిక తోడైంది. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. అందులో పుస్తకాల చదువుతో పాటు చేతిపనులకూ చోటు ఇచ్చారు. 1915లో జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పడింది. 1923 నవంబరులో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. చెల్లించిన మూలధనం ఒక లక్ష రూపాయలు మాత్రమే. పెద్ద షావుకార్లు వచ్చేదాకా ఆగకుండా ఉన్నదానితో మొదలుపెట్టడం ఆనాటి బందరు పద్ధతి.

ఆ వరుసలోనిదే 1926లో ప్రారంభమైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ. పాఠశాలల, కళాశాలల ప్రయోగశాలలకు కావలసిన పరికరాల కోసం విదేశాల వైపు చూడవలసిన రోజులవి. అలాంటి పరికరాలను ఇక్కడే తయారు చేయాలని ఈ కంపెనీ పూనుకున్నది. నౌకాశ్రయం చితికిన ఊరిలో, ఉప్పుగాలి తగిలే చోట, సున్నితమైన పరికరాల తయారీ మొదలుపెట్టడం చిన్న సాహసం కాదు.

కటకం ఎలా తయారవుతుంది?

ఇలాంటి పనిలో కష్టమైనది కటకం, అంటే భూతద్దం వంటి వంపు గల గాజు. గాజు బిళ్ళను ముందు ముతక పొడితో, తరువాత క్రమంగా సన్నని పొడితో తడి మీద అరగదీస్తారు. ఆ పైన మెరుగు పెడతారు. తరువాత, కచ్చితమైన వంపు ఉన్న మరొక గాజు మీద దానిని ఆనించి చూస్తారు. రెండింటి నడుమ రంగురంగుల వలయాలు కనిపిస్తాయి. అవి గుండ్రంగా, సమంగా ఉంటే వంపు కుదిరినట్లు. వంకరగా ఉంటే మళ్ళీ మెరుగుకు పోవలసిందే. అక్కడ పట్టుకునే తేడా వెంట్రుక మందంలో నూరవ వంతు కంటే తక్కువ.

యంత్రం అరగదీస్తుంది. ఎప్పుడు ఆపాలో మనిషికి తెలియాలి. మన సంఘాలలో వెన్న పరీక్ష చేసేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ట్యూబులో గీత చదివే కన్ను ఒక్క రోజులో తయారు కాదు.

చేతులు మారినా ఊరు మారలేదు

కాలక్రమంలో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పరిస్థితి దిగజారింది. 1983లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ అయిన భారత్ ఎలక్ట్రానిక్స్ దానిని తీసుకున్నది. అప్పటి నుండి బందరు కర్మాగారం రక్షణ శాఖకు కావలసిన దృశ్య పరికరాల మీద, ముఖ్యంగా రాత్రి చూపు పరికరాల మీద పనిచేస్తున్నది. వాటి కిటుకు ఇది: నక్షత్రాల పాటి వెలుగును కటకాలు పోగుచేసి ఒక గొట్టంలోకి పంపుతాయి. అక్కడ వెలుగు విద్యుత్ కణాలుగా మారి, వేల రెట్లు పెరిగి, తిరిగి చిన్న తెర మీద బొమ్మగా కనిపిస్తుంది. 2025 అక్టోబరులో ఈ సంస్థే మన జిల్లాలోని నిమ్మలూరులో రాత్రి చూపు పరికరాల కొత్త కర్మాగారాన్ని ప్రారంభించుకున్నది.

ఇక్కడ సభ్యులు ఒక పోలిక గమనించాలి. ఆంధ్రా బ్యాంకు బాగా పెరిగింది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదు చేరింది. 1980లో జాతీయం అయింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసి ఆ పేరే లేకుండా పోయింది. చితికిపోయిన కంపెనీ కూడా పేరు పోగొట్టుకున్నది, కాని పని బందరులోనే ఉండిపోయింది. కారణాలు అనేకం ఉండవచ్చు. మాకు తోచిన ముఖ్య కారణం ఒకటే. డబ్బును ఒక్క కాగితంతో ఊరు దాటించవచ్చు. యంత్రాన్ని లారీకి ఎక్కించవచ్చు. ఏళ్ళ తరబడి సాన పట్టిన పనివాడి చేతిని, కంటిని అలా తరలించడం కుదరదు.

మనం చేయవలసింది

నైపుణ్యం తనంతట తాను నిలవదు. పాతవారు పని మానే లోపల కొత్తవారికి పట్టుబడాలి. మన డెల్టా పిల్లలు చాలామంది పదవ తరగతి కాగానే ఊరు విడవడమే దారి అనుకుంటున్నారు. ఐ.టి.ఐ.లో ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రీషియను పని నేర్చినవారికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కర్మాగారాలలో స్టైపెండుతో శిక్షణ పొందే వీలున్నది. సంఘ కార్యదర్శులు ఇటువంటి ప్రకటనలు వచ్చినపుడు నోటీసు బోర్డు మీద పెట్టి, పాలు పోయడానికి వచ్చిన తల్లిదండ్రులకు చదివి వినిపించాలి. సంఘంలో సైతం పరీక్ష చేసే మనిషి పక్కన మరొకరు నేర్చుకుంటూ ఉండాలి. ఆ ఒక్కరూ లేని రోజున కొలత ఆగితే సంఘమే ఆగుతుంది.

సంస్థ పేరు నిలుస్తుందో లేదో మన చేతిలో ఉండకపోవచ్చు. పని తెలిసిన చేతులను తయారు చేసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.